అంతర్జాతీయ దత్తతలో మతవిశ్వాసం: 'దత్తుడు', 'అనాథ' భావనల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

రెండో ప్రపంచయుద్ధానంతర కాలంలో ఒక దేశంలో పుట్టిన పిల్లలు వేరొక దేశంలోని దంపతులకు చట్టసమ్మతమైన సంతానంగా వెళ్ళడం ఒక వ్యవస్థగా రూపుదిద్దుకొంది. యుద్ధాలు, పేదరికం, సంపన్నదేశాల్లో దత్తతకు లభించే శిశువుల సంఖ్య తగ్గడం, వలసచట్టాల్లో వచ్చిన మార్పులు దీనికి కారణాలుగా చరిత్రకారులు చూపుతారు. మతవిశ్వాసం ప్రస్తావన వచ్చినప్పుడు దానిని దత్తత తీసుకొనేవారి వ్యక్తిగత ప్రేరణగానే ఎక్కువగా పరిగణిస్తారు. కరుణ, సేవ, దైవాజ్ఞ వంటి మాటలతో ఆ చర్చ ముగుస్తుంది.

మతవిశ్వాసం చేసిన పని ప్రేరణతో ఆగలేదన్నది ఈ వ్యాస ప్రతిపాదన. ఏ బిడ్డ దత్తతకు అర్హత గలది, ఎవరు ఇవ్వాలి, ఎవరు తీసుకోవచ్చు అనే ప్రశ్నలకు మతసంప్రదాయాలు ఇచ్చిన సమాధానాలు చట్టాల భాషలోకి ప్రవేశించాయి. వాటిలో రెండు భావనలు పరస్పర విరుద్ధమైనవి. ధర్మశాస్త్ర సంప్రదాయంలోని 'దత్తుడు' ఇచ్చేవారు ఉన్న బిడ్డ. అమెరికా సువార్తిక క్రైస్తవంలో ప్రాచుర్యం పొందిన 'అనాథ' తనవారెవరూ లేని బిడ్డ. మొదటి భావన ప్రకారం కన్నవారు లేకపోతే దత్తతే కుదరదు. రెండో భావన ప్రకారం కన్నవారు తెరమీద నుంచి తొలగితేనే దత్తత కుదురుతుంది. ఈ రెండు భావనల నడుమ కన్నతల్లి స్థానం ఏమైందో 1955 తర్వాతి కొరియా, 1999–2001 నాటి హైదరాబాదు సందర్భాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దాత లేని దత్తత లేదు

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం పన్నెండు రకాల పుత్రులను పేర్కొంటుంది. వారిలో 'దత్తుడు' అంటే తల్లిగాని తండ్రిగాని ఆపత్సమయంలో ప్రీతిపూర్వకంగా, ఉదకపూర్వకంగా ఇచ్చినవాడు. కన్నవారు విడిచిపెట్టగా వేరొకరు స్వీకరించిన బిడ్డను అదే స్మృతి 'అపవిద్ధుడు' అనే వేరే పేరుతో పిలిచింది. కొనుక్కున్న బిడ్డ 'క్రీతుడు'. ఇచ్చిన బిడ్డ, వదిలేసిన బిడ్డ, కొన్న బిడ్డ ఒకటి కాదన్న వివేచన ఈ విభజనలో స్పష్టంగా ఉంది. తర్వాతి నిబంధనకారులు కలియుగంలో ఔరస, దత్తపుత్రులు తప్ప మిగిలినవారు చెల్లరని తీర్మానించారు. నందపండితుని దత్తక మీమాంస, దత్తక చంద్రిక ఈ విషయంలో ప్రమాణగ్రంథాలుగా నిలిచాయి.

ఈ నియమానికి ఒక అనివార్య పరిణామం ఉంది. ఇచ్చే అధికారం తల్లిదండ్రులకే ఉన్నప్పుడు, తల్లిదండ్రులు లేని బిడ్డను ఇచ్చేవారు ఉండరు. అందువల్ల ప్రత్యేక ఆచారం రుజువైన సందర్భాల్లో తప్ప అనాథ దత్తత చెల్లదని బ్రిటిషు కాలపు న్యాయస్థానాలు తీర్పులిచ్చాయి. నేటి పాఠకునికి ఇది వింతగా తోస్తుంది. ఆదరణ అత్యంత అవసరమైన బిడ్డకే దత్తత నిరాకరించిన శాస్త్రమిది. దాని దృష్టి బిడ్డ క్షేమంపై గాక పిండోదకాలపైన, వంశపరంపరపైన ఉంది. ఆడపిల్ల దత్తతను నందపండితుడు అంగీకరించినా న్యాయస్థానాలు సాధారణంగా గుర్తించలేదు. పైగా బిడ్డను ఇవ్వడానికే గాక అమ్మడానికి, విడిచిపెట్టడానికి కూడా తల్లిదండ్రులకు అధికారం ఉందని వసిష్ఠ ధర్మసూత్రం అంటుంది. కాబట్టి ఈ సంప్రదాయాన్ని ఆదర్శంగా చూపడం చారిత్రక దృష్టి అనిపించుకోదు. అయితే ఒక్క విషయం గమనార్హం. దత్త అనే శబ్దంలోనే దాత ఉన్నాడు. దత్తహోమం పదిమంది ఎదుట జరిగేది. బిడ్డను ఎవరిచ్చారో ఊరందరికీ తెలుసు.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం హోమాన్ని ఐచ్ఛికం చేసి, ఆడపిల్లల దత్తతను అనుమతించి, దత్తతకు ప్రతిఫలం పుచ్చుకోవడాన్ని నిషేధించింది. కన్నవారు విడిచిపెట్టిన పిల్లలను, తల్లిదండ్రులెవరో తెలియని పిల్లలను సంరక్షకుడు న్యాయస్థానం అనుమతితో దత్తత ఇవ్వడానికి వీలు కలిగింది 1962 సవరణతోనే. దాత లేని దత్తత హిందూ చట్టంలోకి అంత ఆలస్యంగా ప్రవేశించింది.

విశ్వాసం గీసిన సరిహద్దులు

దత్తతను విశ్వాసం ప్రేరేపించడమే గాక నియంత్రించింది కూడా. ఇస్లాం ధర్మశాస్త్రం అనాథ పోషణను మహాపుణ్యంగా చెబుతూనే బిడ్డ వంశనామాన్ని మార్చడాన్ని అంగీకరించదు. ఖురాన్ 33వ అధ్యాయం ఆధారంగా ఏర్పడిన 'కఫాలా' పద్ధతిలో బిడ్డను పెంచవచ్చు, కాని కన్నతండ్రి పేరు చెరిపివేయరాదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం దత్తతతోపాటు కఫాలాను కూడా పేర్కొనడం ఈ భేదానికి లభించిన అంతర్జాతీయ గుర్తింపు.

క్రైస్తవ దేశాల్లో సరిహద్దు శాఖల మధ్య ఏర్పడింది. అమెరికాలోని పలు రాష్ట్రాల్లో బిడ్డ మతమే దత్తత తీసుకొనేవారి మతమూ కావాలన్న నియమం ఉండేది. మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం 1954లో, కాథలిక్కు తల్లికి పుట్టిన కవలలను యూదు దంపతులకు దత్తత ఇవ్వడానికి నిరాకరించింది. ఆ తల్లి సమ్మతించినప్పటికీ తీర్పు మారలేదు. ఐర్లండు ఇందుకు మరింత తీవ్రమైన ఉదాహరణ. 1940ల చివరి నుంచి 1970ల ఆరంభం వరకు అవివాహిత తల్లులకు పుట్టిన సుమారు 2,000 మంది పిల్లలను అక్కడి నుంచి అమెరికాకు పంపారు. తీసుకొనేవారు ఆచరణలో కాథలిక్కులై ఉండాలని, పిల్లలను కాథలిక్కు పాఠశాలల్లోనే చదివించాలని డబ్లిన్ ఆర్చిబిషప్ జాన్ చార్లెస్ మెక్వేడ్ షరతులు విధించాడు. బిడ్డ ఆత్మ ఏ మతశాఖలో ఉంటుందన్న ప్రశ్నకు లభించిన శ్రద్ధ తల్లి సమ్మతి స్వచ్ఛందమా కాదా అన్న ప్రశ్నకు లభించలేదు. 1996లో ఐర్లండు జాతీయ అభిలేఖాగారంలో పాస్‌పోర్టు దస్త్రాలు బయటపడిన తర్వాతనే ఈ చరిత్ర బహిరంగ చర్చకు వచ్చింది.

ఆరెగాన్ నుంచి సియోలుకు

ఐర్లండులో మతం బిడ్డ వెంట వెళ్ళింది. కొరియాలో అది బిడ్డను వెదుక్కొంటూ వచ్చింది. ఆరెగాన్ రాష్ట్రంలోని క్రెస్‌వెల్‌లో వ్యవసాయం, కలప వ్యాపారం చేసే హ్యారీ హోల్ట్, ఆయన భార్య బర్తా 1954 చివర వరల్డ్ విజన్ సంస్థాపకుడు బాబ్ పియర్స్ ప్రదర్శించిన చిత్రంలో కొరియా యుద్ధ బాలలను చూశారు. అమెరికా సైనికులకు, కొరియా స్త్రీలకు పుట్టిన పిల్లల దుస్థితి వారిని కదిలించింది. అప్పటికే ఆరుగురు పిల్లలున్న ఆ దంపతులు మరో ఎనిమిదిమందిని తెచ్చుకోవాలని నిశ్చయించుకొన్నారు. నాటి చట్టం ఒక కుటుంబానికి ఇద్దరినే అనుమతించడం వల్ల 1955లో అమెరికా కాంగ్రెసు వారి కోసం ప్రత్యేక చట్టం చేసింది. ఆ ఏడాది అక్టోబరులో హ్యారీ పన్నెండుమంది పిల్లలతో తిరిగి వచ్చాడు. వారిలో నలుగురు ఇతర కుటుంబాలకు చెందవలసినవారు.

హోల్ట్ దంపతులు ఈ కార్యాన్ని దైవప్రణాళికగా అర్థం చేసుకొన్నారు. కొరియాకు వెళ్తూ టోక్యోలో ఆగినప్పుడు యెషయా గ్రంథం 43వ అధ్యాయంలో హ్యారీకి తన ప్రయాణానికి సమాధానం దొరికింది. తూర్పు నుంచి సంతతిని రప్పించడమన్న ఆ అధ్యాయంలోని మాటే బర్తా రాసిన పుస్తకానికి పేరైంది. 1956లో వారు స్థాపించిన దత్తత సంస్థ తొలి రోజుల్లో దరఖాస్తుదారులను ప్రధానంగా అడిగింది వారు రక్షణ పొందిన క్రైస్తవులా కాదా అని. వృత్తిగత సమాజసేవకులు పట్టుబట్టే గృహపరిశీలన, పరీక్షాకాలం వంటివాటికి రెండో స్థానమే దక్కింది. దంపతులు కొరియాకు వెళ్ళకుండానే ప్రతినిధి ద్వారా అక్కడి చట్టం కింద దత్తత పూర్తిచేసే పద్ధతిని హోల్ట్ విస్తృతంగా వాడాడు. శిశుసంక్షేమ సంస్థలు దీనిని తీవ్రంగా వ్యతిరేకించాయి. 1961 నాటి వలసచట్ట సవరణలతో ప్రతినిధి దత్తతలకు దాదాపుగా తెరపడింది.

ఈ దృక్పథాన్ని చరిత్రకారిణి అరిస్సా ఓ 2015లో ప్రచురించిన గ్రంథంలో 'క్రైస్తవ అమెరికావాదం'గా వర్ణించింది. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో మతనిష్ఠ, దేశభక్తి, కుటుంబభావన కలగలిసిన ఈ వాతావరణంలో ఆసియా బిడ్డను ఇంటికి తెచ్చుకోవడం ఒకేసారి సువార్త సేవగాను, పౌరధర్మంగాను కనిపించింది. ఆ సేవ నిజమైన అవసరాన్ని తీర్చిందనడంలో సందేహం లేదు. మిశ్రమజాతి పిల్లలకు నాటి కొరియా సమాజంలో చోటు లేదు. జాతివివక్ష చట్టబద్ధంగా ఉన్న అమెరికాలో వారిని సొంతబిడ్డలుగా స్వీకరించడం సాహసమే. 1949లోనే వెల్‌కమ్ హౌస్ స్థాపించిన రచయిత్రి పెర్ల్ బక్ ఇదే లక్ష్యంతో పనిచేసింది. మిషనరీల కుమార్తె అయినా ఆమె విశ్వాసపరీక్షను దత్తతకు కొలమానంగా అంగీకరించలేదు.

అనాథగా నమోదైన బిడ్డ

కొరియా సమాజంలోనూ విశ్వాసం తన పాత్ర నిర్వహించింది. కన్‌ఫ్యూషియస్ సంప్రదాయంలో దత్తత పితృపూజ కొనసాగింపు కోసం తండ్రివైపు జ్ఞాతుల నుంచి కుమారుని స్వీకరించడం. ఈ విషయంలో అది మన దత్తక విధికి సన్నిహితం. పరాయి రక్తం గల బిడ్డకు అందులో స్థానం లేదు. తండ్రి కుటుంబపట్టికలో పేరెక్కని బిడ్డకు సామాజిక అస్తిత్వమే లేదు. ఒకవైపు వంశశుద్ధి విశ్వాసం బిడ్డను బయటికి నెట్టగా, మరోవైపు రక్షణవిశ్వాసం ఆ బిడ్డను అందుకొంది.

ఈ రెండింటినీ కలిపినది కాగితం. 1961లో కొరియా ప్రభుత్వం అనాథల దత్తతకు ప్రత్యేక చట్టం చేసింది. అదే ఏడాది అమెరికా వలసచట్టంలో శాశ్వత స్థానం పొందిన 'అనాథ' నిర్వచనం కన్నవారు మరణించిన బిడ్డకే పరిమితం కాలేదు. వారు కనబడకుండా పోయినా, వదిలేసినా, మిగిలిన ఒక్కరు పోషించలేక శాశ్వతంగా హక్కు వదులుకొన్నా ఆ బిడ్డ అనాథే. కొరియాలో పిల్లలను ఎవరికీ చెందని ఏకాకిగా విడి కుటుంబపట్టికలో నమోదు చేసే పద్ధతి స్థిరపడింది. తల్లి బతికే ఉన్న బిడ్డ సైతం ఈ నమోదుతో అనాథ అయ్యేది. మిశ్రమజాతి పిల్లల తర్వాత పేదల పిల్లలు, ఆ తర్వాత అవివాహిత తల్లుల పిల్లలు ఈ దారిన వెళ్ళారు. దశాబ్దాల కాలంలో కొరియా నుంచి విదేశాలకు వెళ్ళిన పిల్లల సంఖ్య సుమారు 2,00,000 అని అంచనా. దత్తుల ఫిర్యాదులను విచారించిన ఆ దేశపు సత్య, సయోధ్య సంఘం 2025 మార్చిలో అనాథ పత్రాల కల్పన, పిల్లల గుర్తింపు మార్పు వంటి హక్కుల ఉల్లంఘనలకు ప్రభుత్వాన్ని బాధ్యురాలిగా పేర్కొని, తొలుత 56 మందిని బాధితులుగా గుర్తించింది.

భారతదేశంలో చట్టపు సందు

భారతదేశంలో దత్తత మతాల వారీ వ్యక్తిగత చట్టాల పరిధిలో ఉండడం వల్ల సమస్య మరో రూపం దాల్చింది. 1956 చట్టం హిందువులకే వర్తిస్తుంది. ముస్లిములకు, క్రైస్తవులకు, పార్సీలకు దత్తత చట్టం లేదు. అందరికీ వర్తించే దత్తత బిల్లును 1972లో ప్రవేశపెట్టగా ముస్లిముల వ్యతిరేకత మధ్య అది 1978లో ఉపసంహరణకు గురైంది. ముస్లిములను మినహాయించి 1980లో తెచ్చిన బిల్లును పార్సీలు వ్యతిరేకించారు. అదీ చట్టం కాలేదు. ఫలితంగా విదేశీ దంపతులు 1890 నాటి సంరక్షకులు, సంరక్షితుల చట్టం కింద బిడ్డకు సంరక్షకులుగా నియమితులై, తమ దేశానికి తీసుకువెళ్ళి అక్కడి చట్టం ప్రకారం దత్తత పూర్తిచేసుకొనేవారు. మతాల మధ్య కుదరని ఏకాభిప్రాయం విడిచిన సందులోంచి భారతీయ బిడ్డ దేశసరిహద్దు దాటింది.

న్యాయవాది లక్ష్మీకాంత్ పాండే రాసిన లేఖను వ్యాజ్యంగా స్వీకరించిన సుప్రీంకోర్టు 1984 ఫిబ్రవరి 6న ఇచ్చిన తీర్పు ఈ సందును నియమాలతో పూరించే ప్రయత్నం. జస్టిస్ పి.ఎన్. భగవతి రాసిన ఆ తీర్పు కన్నవారి సమ్మతి స్వేచ్ఛగా ఉండాలని, పునరాలోచనకు గడువు ఉండాలని, విదేశీయుల కన్నా దేశంలోని కుటుంబాలకు ప్రాధాన్యమివ్వాలని నిర్దేశించింది. మతం విషయంలో దాని వైఖరి విశిష్టమైనది. బిడ్డ మతపోషణ గురించి కన్నవారు కోరిక వెలిబుచ్చితే సాధ్యమైనంతవరకు గౌరవించాలి. అయితే అంతిమ ప్రమాణం బిడ్డ హితమే. బిడ్డ వేరే మతస్థులైన విదేశీయుల చెంతకు వెళ్ళే అవకాశం ఉందని వారికి ముందే చెప్పాలి. ధర్మశాస్త్రంలోని దాత ఈ తీర్పులో తిరిగి కనిపిస్తాడు. అయితే ఇక్కడ ఆ దాత వంశాన్ని నిలిపే తండ్రి కాదు, చాలా సందర్భాల్లో ఒంటరి తల్లి. మతభేదం లేని దత్తత మార్గం 2000 నాటి బాలల న్యాయచట్టంతో తెరుచుకొంది. 2014లో షబ్నం హాష్మీ కేసులో సుప్రీంకోర్టు దానిని ఐచ్ఛిక మార్గంగా స్పష్టం చేసింది.

హైదరాబాదు, 1999–2001

సుప్రీంకోర్టు నియమాలు కాగితంపై బలమైనవే. అయితే అవి సమ్మతిపత్రాన్ని ప్రమాణంగా తీసుకొన్నాయి. ఆ పత్రాన్నే తయారుచేయగలిగినప్పుడు ఏమవుతుందో 1999లోను, మళ్ళీ 2001లోను హైదరాబాదులో వెలుగుచూసిన ఉదంతాలు చూపాయి. నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంతోపాటు తెలంగాణలోని లంబాడా తండాల నుంచి ఆడశిశువులను స్వల్పమొత్తాలకు మధ్యవర్తుల ద్వారా సేకరించి, పరిత్యాగపత్రాలతో విదేశీ దత్తతకు సిద్ధం చేస్తున్నట్లు బయటపడింది. కొన్ని సంస్థల నిర్వాహకుల అరెస్టులు జరిగాయి. పిల్లలను ప్రభుత్వ శిశువిహార్‌కు తరలించారు. అప్పటికే ఆ పిల్లలను తమవారిగా భావిస్తున్న విదేశీ దంపతులు న్యాయస్థానాలను ఆశ్రయించారు. పేదరికం, అధికసంతానం, ఆడపిల్ల కావడం వంటి కారణాలపై బిడ్డలను పరిత్యజించడాన్ని 2001లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది.

లంబాడాల్లో పూర్వం వరుని తరఫువారే ఓలి ఇచ్చే ఆచారం ఉండేది. అది వరకట్నంగా తలకిందులైన కాలంలోనే ఆడశిశువు భారమైంది. అంటే ఆ తల్లులు సనాతనమైన ఒక నమ్మకం వల్ల బిడ్డను వదులుకోలేదు. మారిన ఆర్థిక పరిస్థితి వారినక్కడికి నెట్టింది. మనుస్మృతి పరిభాషలో చెబితే, క్రీతగా చేతులు మారిన బిడ్డ అపవిద్ధగా నమోదై దత్తగా విమానమెక్కింది. ప్రాచీనులు వేరువేరుగా ఉంచిన మూడు స్థితులను ఒక పత్రం ఏకం చేసింది.

విశ్వాసంలోపలి విమర్శ

2000 తర్వాతి దశాబ్దంలో అమెరికా సువార్తిక సంఘాల్లో దత్తత ఒక ఉద్యమమైంది. 2004లో ఆ దేశానికి దాదాపు 23,000 మంది విదేశీ పిల్లలు దత్తతకు వెళ్ళారు. అంతర్జాతీయ దత్తతలకు అదే శిఖరం. 2009లో సదరన్ బాప్టిస్ట్ మహాసభ దత్తతను ప్రోత్సహిస్తూ తీర్మానించింది. రసెల్ మూర్ గ్రంథం 'అడాప్టెడ్ ఫర్ లైఫ్' అదే ఏడాది వెలువడింది. దేవుడు విశ్వాసిని దత్తపుత్రునిగా స్వీకరించినట్లే విశ్వాసి అనాథను స్వీకరించాలన్నది ఈ ఉద్యమపు మూలవాదం. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత 33 మంది పిల్లలను సరిహద్దు దాటించబోయి అరెస్టయిన పదిమంది బాప్టిస్టుల ఉదంతంలో, ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులున్నట్లు తేలింది.

ఈ వేదాంతానికి గట్టి విమర్శ అదే విశ్వాసం లోపలి నుంచి, తెలుగునేలతో ముడిపడి వచ్చింది. అలబామాలోని శామ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు కంబర్లాండ్ న్యాయకళాశాల ఆచార్యుడు డేవిడ్ స్మోలిన్, ఆయన భార్య 1998లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళను దత్తత తీసుకొన్నారు. తల్లి సమ్మతి లేకుండానే వారిని దత్తతకు ఇచ్చినట్లు ఆ తర్వాత తెలిసింది. నల్లధనాన్ని తెల్లధనంగా మార్చినట్లే అక్రమంగా పొందిన బిడ్డను పత్రాలతో సక్రమ దత్తతగా మార్చే తీరును ఆయన 2005, 2006లో వెలువడిన వ్యాసాల్లో విశ్లేషించాడు. 2012 నాటి వ్యాసంలో బైబిలు ఆధారాలనే పునఃపరీక్షించాడు. ఆయన వాదసారం ఇది: హీబ్రూ గ్రంథాల్లోని 'యాతోం' తండ్రి లేని బిడ్డ. ఆ మాట తరచూ విధవరాలి ప్రస్తావనతో జంటగా వస్తుంది. కాబట్టి గ్రంథం ఆదేశిస్తున్నది తల్లినీ బిడ్డనూ కలిపి ఆదుకోమని, వారిని విడదీయమని కాదు. పౌలు లేఖల్లోని గ్రీకు పదం 'హుయొథెసియా' నాటి రోమన్ దత్తతను తలపిస్తుంది. అది వారసత్వం కోసం ప్రధానంగా పెద్దవారైన పురుషులను స్వీకరించే పద్ధతి. అనాథ శిశువుల రక్షణకు దానితో సంబంధం లేదు.

తెలుగు బైబిలు అనువాదం ఈ వాదాన్ని పరోక్షంగా సమర్థిస్తుండడం భాషాపరిశోధకులు గమనించదగిన అంశం. పౌలు పదానికి అనువాదకులు 'దత్తపుత్ర' శబ్దాన్ని ఎన్నుకొన్నారు. రోమన్ దత్తత, దత్తకవిధి రెండూ వారసత్వం, కులదేవతారాధన లేదా పితృకార్యం చుట్టూ అల్లుకొన్నవి. రెండింటిలోనూ బిడ్డను ఇచ్చే తండ్రి ఉన్నాడు. ఆ పదం తెలుగు పాఠకునికి పౌలు ఉద్దేశానికి దగ్గరి అర్థాన్నే ఇస్తుంది. యాకోబు పత్రికలో విధవరాండ్రతోపాటు వచ్చే పదానికి వారు వాడినది 'దిక్కులేని పిల్లలు'. 'దిక్కులేని' అన్నా 'అనాథ' అన్నా మన భాషలో ఆధారం లేకపోవడమే ముఖ్యార్థం, తల్లిదండ్రులు మరణించడం కాదు. అందుకే పేద తల్లులు చదువుకోసం, తిండికోసం పిల్లలను అనాథాశ్రమంలో చేర్చి సెలవులకు ఇంటికి తెచ్చుకోవడం మన ప్రాంతంలో అసహజం కాదు. ఆ తల్లి దృష్టిలో అది హాస్టలు. అదే మాట ఆంగ్ల పత్రంలోకి మారినప్పుడు ఆ బిడ్డ ఎవరూ లేనిదవుతుంది. అనువాదంలో జారిపోయిన అర్థం ఇక్కడ ఒక కుటుంబాన్నే చెరిపేయగలదు.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, మతవిశ్వాసం అంతర్జాతీయ దత్తతను నడిపించడమే గాక ఐర్లండులో, ఇస్లాం దేశాల్లో, భారతీయ వ్యక్తిగత చట్టాల్లో దానికి హద్దులనూ నిర్ణయించింది. రెండోది, వంశాన్ని కేంద్రంగా చేసుకొన్న విశ్వాసాలు దాతను నిలిపి నిరాశ్రయ బిడ్డను విస్మరించగా, రక్షణను కేంద్రంగా చేసుకొన్న విశ్వాసం బిడ్డను చూసి దాతను విస్మరించింది. మూడోది, ఈ విస్మృతిని సరిదిద్దే వనరులు ఆయా సంప్రదాయాల్లోనే ఉన్నాయి. బిడ్డ వంశనామాన్ని చెరపని కఫాలా, దాతను ప్రకటంగా నిలిపే దత్తకవిధి, తల్లినీ బిడ్డనూ విడదీయని హీబ్రూ ధర్మం అందుకు నిదర్శనాలు.

ప్రతిఫలంతో పొందిన సమ్మతి చెల్లదని, బిడ్డ మత, సాంస్కృతిక నేపథ్యాన్ని పరిగణించాలని 1993 నాటి హేగ్ ఒడంబడిక నిర్దేశిస్తోంది. భారతదేశం 2003లో అందులో చేరింది. అమెరికాకు వెళ్ళే విదేశీ దత్తుల సంఖ్య 2023 నాటికి 1,300 లోపుకు పడిపోయింది. ఆ వ్యవస్థ ముగింపుకు చేరువవుతున్నా దాని పర్యవసానాలు ముగియలేదు. ఇరవై, ముప్పయ్యేళ్ళ వయసుకు చేరిన తెలుగు ప్రాంతపు దత్తులు ఇప్పుడు తమ పుట్టుకను వెదుక్కొంటున్నారు. వారికి దొరికే తొలి ఆధారం 1990ల నాటి పరిత్యాగపత్రం. అందులో వేలిముద్ర ఎవరిదో, ఆ భాష ఎవరు చెప్పి రాయించిందో, 'అనాథ' అన్న మాట ఏ అర్థంలో పడిందో విడమరచి చెప్పవలసిన పని చరిత్రకారులతోపాటు తెలుగు పరిశోధకులది కూడా.